నిదానం వదిన ఊపిరి

ఆ రోడ్డుకు అటు వైపు ఒకరు, ఇటు వైపు ఒకరు. పందొమ్మిదేళ్లుగా అదే ఇద్దరు. మునిసిపాలిటీలో ఊడ్చేవాళ్లు ఎనభై మందికి పైనే ఉన్నారు గానీ, ఈ ఇద్దరి అసలు పేర్లు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడవు. ఒకావిడ గాలివాన, ఇంకొకావిడ నిదానం. గాలివాన చీపురు పడితే ఎదురొచ్చే కుక్క పక్కకు తప్పుకుంటుంది, నోరు తెరిస్తే పని చూసే మేస్త్రి తప్పుకుంటాడు. నిదానం ఆమెకంటే ఆరేళ్లు పెద్దది. ఊడ్చిన చోటే మళ్లీ వంగి చూసి, పుల్ల ఒక్కటి మిగిలినా వెనక్కొచ్చి తీసుకుపోయే రకం. ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు, ఒకరినొకరు వదినా అని పిలుచుకోవడం తప్ప. అది చాలదా ఏమిటి! వదినలన్నాక ఎంత ఎగతాళైనా చేసుకోవచ్చు.

వాళ్ల లెక్కంతా కరెంటు స్తంభాల్లో ఉంటుంది. రోడ్డు పొడవునా నలభై స్తంభాలు. తెల్లవారగానే మొదటి స్తంభం దగ్గర చెరో వైపు మొదలుపెడతారు. ముందు చివరికి చేరినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడకూడదు, రోడ్డు దాటి అవతలి వైపు నుంచి ఎదురు ఊడ్చుకుంటూ రావాలి. ఇది పైవాళ్లు పెట్టిన నియమం కాదు, వాళ్లిద్దరూ పెట్టుకున్నది. మేస్త్రికి చెప్పకూడదన్నది కూడా అందులోనే ఉంది. మొదట్లో ఇద్దరూ ముప్పై ఎనిమిదో స్తంభం దగ్గర ఎదురుపడేవారు. రెండేళ్లుగా ఆ చోటు వెనక్కి జరుగుతూ వస్తోంది. ముప్పై అయింది, ఇరవై ఆరు అయింది. ఈ మధ్య గాలివాన తన వైపు ముగించి, అవతలి వైపు కూడా సగం పైన లాగించేసరికి, నిదానం ఇంకా పద్దెనిమిదో స్తంభానికి ఆనుకుని చీపురు కట్టు బిగిస్తున్నట్టు నటిస్తూ కనిపిస్తోంది.

"కట్టు... వదులైంది వదినా."

"రోజూ నీ కట్టే వదులవుతుంది. నాది ఏడాదికోసారైనా వదులవ్వదేం?"

"నువ్వు... ఊడుస్తావా. ఎగురుతావు... గానీ."

రెండు మాటలకొకసారి ఆగడం నిదానానికి అలవాటైపోయింది. నవ్వబోతే దగ్గు తన్నుకొచ్చేది. ఆ దగ్గు అయ్యేదాకా గాలివాన అటు తిరిగి, లేని చెత్తను ఊడుస్తూ నిలబడేది. చూస్తే వదిన చిన్నబుచ్చుకుంటుందని. మరి ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుంది? ఇన్నేళ్లు ఊడ్చినదాంట్లో కొంత చెత్తబండి ఎక్కింది, కొంత ఈవిడ ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పైకి అనేవారు కాదు, అంతే.

అలాంటి రోజుల్లో ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. ఉద్యోగులందరికీ ఆరోగ్య పరీక్షలు చేస్తారట. మేస్త్రి దాన్ని హాజరు వేసే చోట గొంతు సవరించుకుని మరీ చదివాడు. బీపీ, షుగరు, కళ్లు, వాటితో పాటు ఊపిరి. ఒక గొట్టంలో ఊదితే లోపల ఎంత బలముందో మిషను చెబుతుందట. కాగితంలో రాసింది ఇంతే. రాయనిది మాత్రం సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఊదలేనివాళ్లను ఇంటికి పంపేస్తారని.

"ఇంటికెళ్లి... ఏం చెయ్యను?" అంది నిదానం. ఆవిడది ఒంటరి కాపురం. భర్త పోయి చాలాకాలమైంది, కూతురు అత్తారింట్లో ఉంది. "ఇంట్లో... నాలుగు గోడలు. మనిషి మొహం... కనపడేది ఈ రోడ్డు మీదే."

"ఎవరు పంపుతారు? నేనుండగా?" అంది గాలివాన. అనేసింది సరే, ఎలా ఆపాలో మాత్రం ఆమెకూ తెలియదు.

పరీక్షల రోజు ఆఫీసు సమావేశాల హాలు తిరునాళ్లలా ఉంది. చెత్తబండి డ్రైవరు తన ముందున్నవాళ్లు చదివే అక్షరాలు విని బట్టీ పట్టి, కంటి పరీక్షలో గడగడా అప్పజెప్పాడు. మేస్త్రికి బీపీ ఎక్కువని తేలితే, అది తన తప్పు కాదని గాలివాన వైపు వేలు చూపించాడు. నవ్వులే నవ్వులు. ఊపిరి మిషను దగ్గర మాత్రం నవ్వులు తగ్గాయి. అక్కడ కూర్చున్న నర్సు పొద్దుటి నుంచి కార్డులు రాసి రాసి తల ఎత్తడమే మానేసింది. కార్డు తీసుకోవడం, గొట్టం ఇవ్వడం, అంకె వేసుకోవడం.

గాలివాన ఊదింది. మిషను మీద గీత నిటారుగా లేచింది. "భేష్," అంది నర్సు, తల ఎత్తకుండానే.

వెనకాల నిదానం నిలబడి ఉంది. నుదుటి మీద చెమట, చేతిలో కార్డు. గాలివాన ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేది కాదేమో. పందొమ్మిదేళ్ల అలవాటు చేతికి తెలుసు. తన వైపు అయిపోయింది, అవతలి వైపు మిగిలింది, పోయి పూర్తి చెయ్యడమే. వదిన చేతిలోని కార్డు లాక్కుని నర్సుకిచ్చి, రెండోసారి కూడా ఊదేసింది.

వారం తిరిగేసరికి కార్డులొచ్చాయి. ఇద్దరూ ఫిట్. నిదానం ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి రవికెలో దాచుకుంది. గాలివానకు టీ తాగించింది. "నువ్వు... నా పాలిట దేవతవే," అని చెయ్యి పట్టుకుంది. గాలివాన ఉబ్బిపోయింది. ఆ వారమంతా ఆమె చీపురుకు పట్టపగ్గాల్లేవు.

తరువాతి వారంలో ఒకరోజు గాలివాన నలభయ్యో స్తంభం నుంచి అవతలి వైపు ఊడ్చుకుంటూ వస్తోంది. ఇరవై వచ్చింది, నిదానం లేదు. పద్దెనిమిదో స్తంభం దగ్గరా లేదు. పదకొండో స్తంభం దగ్గర చీపురు అడ్డంగా పడి ఉంది. దాని పక్కనే, మూసి ఉన్న చెప్పుల కొట్టు మెట్టు మీద నిదానం కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. నోరు తెరుచుకుని ఉంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. గాలివానకు పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కన కూర్చుని వదిన తల తన భుజం మీద పెట్టుకుని, వీపు రాస్తూ, "తీసుకో వదినా, మెల్లగా తీసుకో," అంటూనే ఉండిపోయింది. ఆ ఊపిరి దారికి రావడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలియదు. ఒక యుగం అనిపించింది.

"పద, మొన్న పరీక్షలు పెట్టిన ఆఫీసు డాక్టరమ్మ దగ్గరకు పోదాం."

నిదానం తల అడ్డంగా ఊపింది. రవికెలోంచి కవరు తీసి చూపించింది. "ఫిట్... అని రాసుంది... కదే."

గాలివాన ఆ కార్డు వైపు చూసింది. ఆ రాత ఎవరి ఊపిరితో రాయించిందో తనకే తెలుసు. రేపు ఈ మనిషికి ఏదైనా అయితే, ఎవరైనా ఏమని అడుగుతారు? కార్డు బాగానే ఉంది కదా అని ఊరుకుంటారు. భయమేసింది ఆమెకు. మేస్త్రి అంటే లేని భయం, ఉద్యోగం పోతుందన్నా లేని భయం.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ ముందు నిలబడి, దాచకుండా అంతా చెప్పేసింది. డాక్టరమ్మ చిన్నపిల్లే, నిదానం కూతురి వయసు ఉంటుంది. రెండు కార్డుల తాలూకు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టి చూసింది. రెండు గీతలూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"నాకు శిక్ష వేయించండమ్మా. ఉద్యోగం తీసేయిస్తే తీసేయించండి. మా వదినను మాత్రం చూడండి," అంది గాలివాన.

"రిపోర్టు నేను రాయక తప్పదు. అది తర్వాత," అంది డాక్టరమ్మ. "ముందు ఆవిడను తీసుకురండి. ఈ రోజే."

తీసుకురావడం ఏమంత తేలికా! నిదానం ఇల్లు ఒకటే గది. నేల మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్న మనిషి, సంగతి వినగానే కత్తిపీట పక్కకు నెట్టేసింది.

"నిన్నెవరు... చెప్పమన్నారు? పందొమ్మిదేళ్లు... కలిసి ఊడ్చి... నా మీద చాడీలా?"

"చాడీలే అనుకో."

"నన్ను... ఇంటికి పంపేదాకా... నీకు నిద్రపట్టదు... కదూ. పో ఇక్కణ్ణుంచి. నీ మొహం... చూపించకు."

గాలివాన పోలేదు. గుమ్మంలోనే గొంతుక్కూర్చుంది. తిరిగి అరవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజు మాత్రం అరవలేదు. నెమ్మదిగా అంది.

"నీ వంతు రోడ్డు నేను ఊడ్చగలను వదినా. మొత్తం నలభై స్తంభాలూ నన్నే ఊడ్చమన్నా ఊడుస్తాను, నా మీద ఒట్టు. నీ వంతు ఊపిరి తీయడం మాత్రం నా వల్ల కాదు. ఒకసారి తీసి చూశాను కదా, ఏమైంది? కార్డు బాగుపడింది, నువ్వు బాగుపడలేదు. నువ్వు లేకపోతే ఆ రోడ్డు మీద నేనెవరితో పోట్లాడాలి చెప్పు?"

నిదానం కాసేపు గోడ వైపు చూసింది. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది. దారి పొడవునా ప్రతి మూడో స్తంభం దగ్గరా ఆగింది, గాలివాన కూడా ఆగింది.

ఈసారి నిదానం సొంతంగా ఊదింది. మూడుసార్లు ఊదినా గీత నేల విడిచి లేవలేదు. "ఇంకొన్నాళ్లు ఇలాగే ఊడ్చి ఉంటే రోడ్డు మీదే పడిపోయేవారమ్మా," అంది డాక్టరమ్మ. "పోయిందంతా తిరిగి రాదు. దుమ్ముకు దూరంగా ఉండి మందు సరిగ్గా పీలిస్తే చాలా వరకు తేలికపడుతుంది."

పీల్చే మందు ఇచ్చింది. రోడ్డు వద్దని రాసింది. ఇంటికీ పంపలేదు. వార్డు ఆఫీసులో చీపుర్లూ పారలూ ఇచ్చే సామాన్ల గదిలో వెయ్యమంది. వదినలిద్దరికీ చెరో మెమో వచ్చింది. అవి ఇస్తూ మేస్త్రి, "ఒకరి హాజరు ఇంకొకరు వెయ్యడం చూశాను గానీ, ఒకరి ఊపిరి ఇంకొకరు ఊదడం నా సర్వీసులో ఇదే మొదటిసారి," అని తల పట్టుకున్నాడు.

నిదానం గాలివానతో మాట్లాడటం మానేసింది. ఎవరికీ రాని కోపం కాదు, నిజమే. కానీ ఈవిడ కోపం కూడా ఈవిడలాగే నిదానమైనది, ఒక పట్టాన దిగదు. పొద్దున్నే చీపురు కోసం గాలివాన ఆ సామాన్ల గది కిటికీ ముందు నిలబడితే, గదిలో ఉన్నవాటిలోకెల్లా బోడి చీపురు ఏరి మరీ బయటకు నెట్టేది. గాలివాన అదే తీసుకుని వెళ్లిపోయేది. అవతలి వైపుకు కొత్తగా వచ్చినావిడ మహా చురుకు. సరిగ్గా నలభయ్యో స్తంభం దగ్గరే కలుస్తుంది, తల ఊపుతుంది, వెళ్లిపోతుంది. గాలివానకు రోడ్డు దాటే పని లేకుండా పోయింది. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా సయించేది కాదు. మంచే చేశాననుకుంటుంది, మరుక్షణం వదిన మొహం గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంటుంది.

అలా అయిదు వారాలు గడిచాయి. ఒక పొద్దున కిటికీ ముందు వరసలో నిలబడి గాలివాన టీ తాగుతోంది. గుటక గొంతుకు అడ్డం పడింది. ఖళ్లుఖళ్లున దగ్గింది.

లోపల ఇనుప కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. నిదానం కిటికీ ఊచలకు మొహం ఆనించింది.

"ఏమే, ఎన్నాళ్ల నుంచే ఆ దగ్గు, నాకు తెలియకుండా దాస్తున్నావా, నన్ను మాత్రం డాక్టరమ్మ దగ్గరకు ఈడ్చుకెళ్లావు, నీకైతే ఆ మిషను కరుస్తుందా, మూతికి కట్టుకోమని ఇచ్చిన మాస్కు మెడలో వేలాడేసుకుని తిరిగితే దుమ్ము నీ మొహం చూసి హడలి పారిపోతుందనుకున్నావా, ఇవాళ నీకు చీపురిచ్చేది లేదు, మేస్త్రి కాదు కదా కమిషనరొచ్చి అడిగినా ఇచ్చేది లేదు, ముందు వెళ్లి ఆ డాక్టరమ్మకు చూపించుకుని కాగితం తెచ్చి నా చేతిలో పెట్టు, నీకేదన్నా అయితే నేను ఈ చీపుర్లు ముందేసుకుని ఏడుస్తూ కూర్చోవాలా, బుద్ధి ఉందా అసలు నీకు?"

గాలివాన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఎక్కడా ఆగలేదు. ఒక్కచోట కూడా ఆగలేదు ఆ మనిషి. ఎన్నేళ్లయింది ఈ గొంతు ఇలా విని! గాలివాన చెంపల మీద నుంచి నీళ్లు జలజలా కారిపోయాయి.

వెనక నిలబడిన డ్రైవరు కంగారుపడి, "ఊరుకో అక్కా, పెద్దావిడ కోపంలో ఏదో అనేసింది," అని సముదాయించబోయాడు.

"నువ్వు నోరు ముయ్యి," అంది గాలివాన. టీ గ్లాసు అతని చేతిలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని కిటికీ దగ్గరకు జరిగి, రెండు చేతులతోనూ ఊచలు పట్టుకుంది.

"ఇంకోసారి తిట్టు వదినా. మొదటి నుంచీ తిట్టు."