రేకు పడవ

సీసం ముక్క మునుగుతుంది, అది సరే. అదే ముక్కను పల్చగా సాగగొట్టి గిన్నెలా వంచితే తేలుతుంది. బరువు అదే, నీళ్ళూ అవే. అంటే తేలేది సీసం కాదు, దాని లోపలి ఖాళీ. ఆ ఖాళీని నీళ్ళు ఎందుకు మోస్తాయో మాత్రం రసూల్‌కు అంతుబట్టలేదు. చేతిలో, సీసం కరిగించి రేకులకు మాటు వేసి అతికే కడ్డీ చల్లారిపోయిందని చాలాసేపటికి గాని గమనించలేదు. విసుగ్గా దాన్ని కుంపట్లోకి తోశాడు.

ఆత్మకూరు బజారులో అతనిది రేకుపని. డబ్బాలు, బొక్కెనలు, గరాటాలు. వేళ్ళ కొసలు కాలి కాలి గీతలు చెరిగిపోయాయి. నడుము కూర్చున్న వంపులోనే బిగుసుకుపోయింది. ప్లాస్టిక్ బకెట్లు వచ్చాక గిరాకీ పోయింది. చిల్లులు పడ్డ పాత సామాన్లు తప్ప అంగడికి ఏమీ రావడం లేదు. ఉదయగిరిలో ప్లాస్టిక్ కొట్టు పెట్టిన బావమరిది ఖాదర్ బాషా వచ్చి తన దగ్గర కూర్చోమంటున్నాడు. తనను చెరిపిన బకెట్లనే తను అమ్మాలి!

అంతలో సోమశిల ఆనకట్ట వెనక నీళ్ళు నిలవబోతున్నాయని, చేపలు పట్టే పెంచలనరసయ్య రేకు పడవ చేసిమ్మన్నాడు. ఇది తేలితే తన వాళ్ళందరికీ చేయిస్తానన్నాడు. తేలకపోతే ఈ సాయంత్రమే ఉదయగిరి బస్సెక్కుతానని భార్య సుగ్రాబీకి మాటిచ్చాడు రసూల్.

"మూటలు కట్టేదా, వద్దా?" లోపలి నుంచి సుగ్రాబీ అడిగింది.

"పడవ నీళ్ళలో దిగనీ."

"దిగతాది. మళ్ళా పైకొస్తాదా అని అడుగుతుండా."

నిన్న రసూల్ పడవను వాకిట్లో పెట్టి అంచుల దాకా నీళ్ళు నింపాడు. రేకుపనిలో పరీక్ష అదొక్కటే. నీళ్ళు పోసినాక కింద నేల పొడిగా ఉంటే సరుకు ఇచ్చేయొచ్చు. తెల్లారేసరికి నేల పొడిగానే ఉంది. అయినా లోపల ఏదో రగులుతోంది. భయమనుకున్నాడు గాని, అది కోపం. ఎవరి మీదో తెలియని కోపం.

పడవను బండి మీద ఊరి చెరువుకు చేర్చారు. నీళ్ళలోకి తోయగానే పడవ ఆకులా తేలింది. నరసయ్య ఎక్కి, వెదురుగడతో లోపలికి పోనిచ్చాడు. వల విసిరేవాడిలా నిలబడి నడుము తిప్పాడు. కాళ్ళ కింద రేకు టక్కుమంది. కాలు మార్చాడు. మళ్ళీ టక్కు. చూస్తుండగానే పడవ ఒక పక్కకు ఒరిగి, నెమ్మదిగా, మర్యాదగా మునిగింది.

"సాయిబా!" గుండెల్లోతు నీళ్ళలోంచి కేకేశాడు నరసయ్య. "తానానికి బాగుండాది నీ పడవ! సోపు గూడా పెట్టుంటే సరిపోయుండు!"

గట్టున బట్టలుతికేవాళ్ళు పగలబడి నవ్వారు.

ఇద్దరూ కలిసి పడవను ఒడ్డుకు లాగారు. నరసయ్య పంచె పిండుకుంటూ, "నువ్వేం బాధపడొద్దు. వెదురు బుట్టల్లాంటి పుట్టి పడవలు అల్లేవాళ్ళకు నిన్ననే చెప్పి పెట్టినా" అన్నాడు.

"నిన్ననేనా?"

"మరి? నేను మునిగేది, నువ్వు కాదు గదా."

అతను పోయాక రసూల్ పడవ అడుగు తడిమి చూశాడు. మాటు పొడుగునా పగిలింది. నిన్న ఆ అడుగును మోసింది నేల. ఇవాళ కింద నీళ్ళు, పైన రెండు పాదాలు. రేకు వంగింది, మాటు వంగలేక పగిలింది. బొక్కెనలో ఎవరూ నిలబడరు. అడుగున రెండు చెక్కలు పరిచుంటే చాలు. ఇంతే. ఇంత చిన్న సంగతి.

నరసయ్య ఇంకా కట్ట మీదే ఉన్నాడు, పిలిస్తే వినపడేంత దూరంలో. రసూల్ నోరు తెరిచాడు. 'నిన్ననే' అన్న మాట గుర్తొచ్చి మూసేశాడు. నరసయ్య కట్ట దిగిపోయాడు.

సాయంత్రం మూటలతో బస్టాండుకు పోతూ, సుగ్రాబీని చెరువుకట్ట మీద ఆపి రసూల్ కిందికి దిగాడు. పడవను బోర్లించి, సంచిలోంచి ఉలి, సుత్తి తీశాడు. పై నుంచి ఆమె అరిచింది.

"బస్సొచ్చే టైముకి ఏంది నీ పని?"

"ఎవురన్నా ఎక్కుతారు. చెరువు నడుమ దాకా పోయి మునుగుతాది ఇది."

అడుగు రేకు మీద ఉలి ఆనించి, మూడు దెబ్బలు కొట్టాడు. పిడికిలి పట్టేంత రేకు చీలి లోపలికి వంగింది. అతను వెనక్కి చూడకుండా కట్టెక్కాడు. బోర్లించిన పడవ కింద, చీకట్లో, పచ్చగడ్డి మీద చిన్న ఎండముక్క పడి ఉంది.