షేకర్ ఆగిన చోట

పంచాయితీ నా మీదే. వాళ్ళకు టీ పెట్టాల్సిందీ నేనే.

ఎమ్మిగనూరులో, మేం సెలవుకు వచ్చిన మా అత్తగారింటి వసారాలో ఫోన్ చేతులు మారుతోంది. అందులోని వీడియోలో నేను, బెంగళూరు బార్‌లో కౌంటర్ వెనక, నల్ల ఏప్రన్ కట్టుకుని, మందు కలిపే షేకర్ పట్టుకుని నవ్వుతూ. ఇన్నేళ్ళూ ‘హోటల్లో ఉద్యోగం’ అనే మాట చాటున దాచిన పని, పొద్దున ఎవరిదో కొత్త నంబరు నుంచి ఒక బంధువుకు వచ్చి, అక్కణ్ణుంచి వాట్సాప్ గ్రూపులో పడింది.

“సూడన్నా, పరాయి మగోళ్ళకు మందు పోసుకుంటా ఎట్ల నగుతాందో! నా కొడుకు ఈరేష్ తలకాయ యాడ పెట్టుకోవల్ల?” మా అత్త మద్దమ్మ తన అన్న శేషన్నకు చెప్పుకుని ఏడుస్తోంది. అదే ఊపులో వంటింట్లోకి కేక: “అశ్వినీ, మామకు షుగరు. సెక్కర తక్కువెయ్యి!”

మా ఆయన గోడకానుకుని తల దించుకున్నాడు. “ఎవడో తాగుబోతు నాకొడుకు తీసినాడు మామా. దొరికితే ఇడ్సను.” తర్వాత మెల్లగా, “నేనైతే పని మానెయ్ అని ఎప్పుడూ అనల్యాదు. పెద్దోళ్ళు మీరెట్ల సెప్తే అట్ల,” అన్నాడు.

నిజమే, అనలేదు. షిఫ్టు చేసొచ్చి వండిపెడితే తిన్నాడు, ఉతికిపెడితే తొడుక్కున్నాడు. సోమవారం నుంచి బార్ మొత్తం నా చేతికిస్తున్నారని చెప్పినా కంచంలోంచి తలెత్తకుండా “మంచిదే” అన్నాడు. “మగోళ్ళు గూడా నీ కిందనే పనిచేస్తారా?” అని మాత్రం అడిగాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

“సోమవారమూ ల్యాదు, మంగళవారమూ ల్యాదు. బెంగళూరు మాటే ఎత్తొద్దు. ఈడనే ఉండు,” శేషన్న తేల్చేశాడు.

టీ పళ్ళెం కింద పెట్టి, శేషన్న చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. వీడియో మొత్తం చూడటం అదే మొదటిసారి.

మేం కౌంటర్ మీద అమ్మే నవ్వు వేరు. అది పెదవులు దాటదు, దానికోసం చేతులూ ఆగవు. షేకర్ ఆపితే లోపల ఐసు కరిగి మందు పలచబడుతుంది. అందుకే ఎవరు పిలిచినా ఊపుతూనే తల తిప్పుతాం. ఈ వీడియోలో నా చేతులు ఆగిపోయాయి. కళ్ళు కూడా నవ్వుతున్నాయి. ఏ కస్టమర్‌నీ చూసి నేనలా నవ్వలేదు. మా ఆయన నా బార్‌లో అడుగుపెట్టింది ఒక్కసారే, పోయిన వారం. చెప్పకుండా వచ్చి, ఫోన్ చూసుకుంటున్నట్టు, ఈ వీడియో తీసిన మూలనే నిలబడ్డాడు. నా పని చూద్దామని వచ్చాడనుకుని పొంగిపోయాను.

“మామా, ఇది తీసినోడెవడో నాకు తెల్సు.”

“ఎవడమ్మా వాడు? పేరు సెప్పు, కాళ్ళిరగ్గొడ్తాం!”

మా ఆయన తలెత్తాడు. వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు. మా ఇళ్ళల్లో పెద్దల ముందు మొగుడి పేరు పలకకూడదు. పెళ్ళయినప్పటి నుంచి ‘ఆయన’ అనో, ‘మీ కొడుకు’ అనో నెట్టుకొచ్చాను.

“ఈరేష్,” అన్నాను.