చక్రం తిరగని మలుపు

ఒమాన్‌లోని సీబ్ ఊళ్లో ఒక గ్యారేజీలో అనూహ్య నడిపే పికప్ ట్రక్కు జాకీల మీద నిలబడి ఉంది. పక్కన ఆమె భర్త భానుతేజ, మెకానిక్ జావెద్ వాదించుకుంటున్నారు.

"సార్, ఇంత పెద్ద టైర్లకు, బండి ఎత్తు పెంచే రెండించుల స్పేసర్లు సరిపోవు," అన్నాడు జావెద్. హైదరాబాద్ మనిషి, గొంతు పెంచడు. "స్ప్రింగులతో సహా మార్చి నాలుగించులు లేపాలె. లేకుంటే స్టీరింగ్ నిండా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకుంటది."

"మా ఆఫ్‌రోడ్ గ్రూపులో ఇద్దరు ఇలాగే వేయించుకున్నారు," అన్నాడు భానుతేజ. " ఏమీ కాలేదు."

జావెద్ అనూహ్య వైపు చూశాడు. బండి ఆమెది. రాళ్ల నమూనాల కోసం కొండలూ, వాదీలనే ఎండిన ఏటిలోయలూ తిరిగే జియాలజిస్టు ఉద్యోగం. అడుగుభాగం రాళ్లకు కొట్టుకుంటోందని ఎత్తు పెంచాలనుకుంది, అంతే. కానీ ఆ ముప్పై అయిదించుల టైర్లు చూశాక ఆమెకీ మనసు లాగింది.

"ఆ టైర్లూ, స్పేసర్లే బిగించండి," అంది.

గ్యారేజీ ముందు స్టీరింగ్ తిప్పి చూసినప్పుడు ఎక్కడో సన్నగా రాపిడి వినిపించింది. కొత్త టైర్లు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నారు భార్యాభర్తలిద్దరూ.

శుక్రవారం పొద్దున్నే కొండ మీది నుంచి వాదీలోకి దిగే మట్టిదారి పట్టారు. అనూహ్యే నడుపుతోంది. మొదటి మలుపు ఎడమకి, హెయిర్‌పిన్ లాంటిది. స్టీరింగ్ పూర్తిగా తిప్పబోయింది. గర్రుమని చప్పుడొచ్చి, చక్రం మధ్యలోనే బిగుసుకుపోయింది.

బ్రేకు తొక్కింది. బండి కంకర మీద కాస్త జారి ఆగింది. బానెట్ అవతల దారి లేదు, ఆకాశమే ఉంది.

"తిప్పు, అనూ!"

"తిరగట్లేదు. టైరు తగులుకుంది."

కుడివైపు సీట్లో ఉన్న భానుతేజ కిటికీలోంచి వంగి చూసి గభాలున వెనక్కి జరిగాడు. అతని వైపు ముందు చక్రానికీ అంచుకీ మధ్య జానెడు నేల కూడా లేదు.

"ఇంకా ముందుకెళ్తే..."

"తెలుసు. నువ్వు దిగు. వెనకసీటు మీంచి, నా వైపు వెనక తలుపులోంచి."

"నువ్వో?"

"నా కాలు బ్రేకు మీంచి తీస్తే బండి కదులుతుంది. దిగి ముందు చక్రాలకి రాళ్లు పెట్టు."

అతను పాక్కుంటూ దిగాడు. పెద్ద రాళ్లు దొర్లించుకొచ్చి చక్రాల ముందు కుక్కుతుంటే అతని ఆయాసం ఆమెకి వినిపిస్తోంది. దిగువ నుంచి ఒక పికప్ ఎక్కి వచ్చి ఆగింది. వెనకంతా మేకలు. దాన్ని నడుపుతున్న ఒమానీ ముసలాయన కిందికి దిగి, ఉన్నదంతా ఒక్క చూపులో అర్థం చేసుకుని, చెయ్యి పైకెత్తాడు. "శ్వయ్య, శ్వయ్య," అన్నాడు. మెల్లగా, మెల్లగా.

రివర్స్ గేరు. ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలు యాక్సిలరేటర్ మీద. అరచేతులు చెమటకి జారుతుంటే జీన్స్‌కి తుడుచుకుంది. ఇంజను మూలిగింది. బ్రేకు వదిలీ వదలగానే బండి ముందుకి ఒరిగి రాళ్లకి ఆనింది. యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కింది. వెనక చక్రాలు కంకరని చిమ్మాయి, తర్వాత పట్టు దొరికింది. ఒక మూర, రెండు మూరలు. ముసలాయన చెయ్యి వెనక్కి ఊపుతూనే ఉన్నాడు.

మూడుసార్లు వెనక్కీ ముందుకీ లాగితే గాని ఆ మలుపు దాటలేదు. ముసలాయన తన పికప్‌ని కొండ వైపు ఒదిగించి వాళ్లకి దారిచ్చాడు. కింద ఇంకా మలుపులున్నాయి. బండిని వెనక్కి మళ్లించడానికి అక్కడ చోటు లేదు. మిగతా దారంతా భానుతేజ చేతిలో రాయితో ముందు నడిచాడు. ప్రతి మలుపు దగ్గరా దాన్ని చక్రం ముందు పెట్టి, ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎండ నెత్తికెక్కింది.

చదునైన నేల తగిలాక అనూహ్య ఇంజను ఆపింది.

"నాలుగించుల కిట్ వేయిద్దాం," అన్నాడు భానుతేజ, తలుపు దగ్గర నిలబడి. షర్టంతా దుమ్ము.

"వద్దు. టైర్లే తగ్గిద్దాం. ముప్పై రెండించులవి. వాటికి సరిపడా రెండించుల స్ప్రింగ్ కిట్. నా పనికి అంతే చాలు."

"చూడ్డానికి మామూలు బండిలాగే ఉంటుంది మరి."

"ఉండనీ."

అతను దిగి వచ్చిన దారి వైపు తలెత్తి చూశాడు. "నీ బండి. నీ ఇష్టం," అన్నాడు. ఆ మాటలో అలక లేదు.

ఆ వారంలోనే టైర్లు మారాయి. మళ్లీ ఆ కొండ దిగడానికి మాత్రం అనూహ్యకి రెండు నెలలు పట్టింది. మొదటి మలుపు దగ్గర బండి ఆపి, దిగి, అంచు దాకా నడిచి లోయలోకి చూసింది. తర్వాత ఎక్కి స్టీరింగ్ తిప్పింది. బండి ఒక్క ఊపులో తిరిగింది. అయినా కిందికి చేరేదాకా ఆమె రేడియో పెట్టలేదు.