వేలాడే కొస

మా కట్టింగు మాస్టరు శనివారం సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతానన్నాడు. ఒక చొక్కాకి చేతులు రెండూ రెండు పొడవుల్లో కత్తిరించాడు. అది నేను చూసేలోపు తనే చూసుకుని, కత్తెర బల్ల మీద పెట్టేసి, "ఇంక చాలు వదినా. మా తమ్ముడు రమ్మంటున్నాడు" అన్నాడు.

ఆయన కత్తెర ఎప్పుడూ అంత చప్పుడు చేస్తూ పెట్టడు.

మా ఆయన బతికున్న రోజుల్లో, మీసాలు రాకముందే వచ్చి చేరినవాడు. ఇప్పుడా మీసాలు తెల్లబడ్డాయి. చెయ్యి మాత్రం చెక్కు చెదరలేదు. చెదిరింది చూపు. టేపు మీద గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయట. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చి, దూరపు చూపుకు ఢోకా లేదు, దగ్గరి సన్నగీతలు మాత్రం ఇంతకంటే తేలవు అని చెప్పేశాడు.

ఈ ఇంట్లోంచి వెళ్ళినవాళ్ళందరూ వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళినవాళ్ళే. మా ఆయన గుండీలు తెస్తానని వెళ్ళాడు. కాజాలు కుట్టే మా చెల్లెలు ఎండలు తగ్గాక వస్తానంది. అప్పటినుంచీ ఎవరు గుమ్మంలో చెప్పులేసుకుంటున్నా నాకు గుండెల్లో దడ. ఏం మర్చిపోయారో అడిగే వంకతో వెనకాలే నిలబడతాను. ఈసారి మాత్రం నిలబడి చూడదలుచుకోలేదు. మా కోడల్ని పిలిచాను.

కోడలు ముందుగదిలో కంప్యూటరు మీద బట్టల నమూనాలు గీస్తుంది. ఆ గీసినదాన్ని అసలు కొలతలో కాగితం మీద అచ్చువేసే పెద్ద యంత్రం కూడా ఉంది. మూతపడ్డ దుకాణంలో కొన్నాం, వెనకగదిలో కట్టింగు బల్ల పక్కన గుడ్డ కప్పుకుని పడి ఉంది. సంగతంతా విని మా కోడలు కాసేపు గోళ్ళు కొరికింది.

"చిన్నమావయ్య టేపు చూడ్డం దేనికత్తయ్యా? నేను గీసింది ఆ యంత్రం లావు గీతల్లో వేస్తుంది. బల్లకెదురుగా గోడకి ఒక పెద్ద తెర పెడదాం. ఏ ముక్క ఎటు తిప్పి వెయ్యాలో అరచేతంత అక్షరాల్లో కనిపిస్తుంది. కత్తిరించే చెయ్యి ఆయనదే."

"మరి ఇన్నాళ్ళూ ఏమైంది?"

"ఇన్నాళ్ళూ ఆయన కళ్ళు బాగున్నాయి, నాకు బద్ధకం బాగుంది. పైగా మన ఇంటర్నెట్టు రూటర్లో ఒక్క రంధ్రమే ఖాళీ. నా కంప్యూటరుకి, యంత్రానికి, ఆ తెరకి తలా ఒక తీగ కావాలి. బడివాళ్ళకి చూపించడానికి తీసుకెళ్ళే నా చిన్న కంప్యూటరుకి ఇంకోటి. ఒక స్విచ్ తెస్తాను."

"గోడ నిండా స్విచ్చులేగా."

"ఆ స్విచ్ కాదు. ఇది పంచిపెట్టే డబ్బా. రూటర్ నుంచి ఒక తీగ దీనికొస్తే, మిగతావాళ్ళందరికీ ఇది పంచుతుంది. ఏ అమరికలూ చెయ్యక్కర్లేదు, తీగలు గుచ్చితే దాని పని అదే చేసుకుంటుంది."

మాస్టరు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. బడి పిల్లల చొక్కాలకు మేం కొత్తగా ఒప్పుకున్న పని ఉంది. దానిలో మొదటి చొక్కా శనివారం కత్తిరించాలి.

"శనివారం దాకా ఎలాగూ ఉంటానమ్మాయి" అన్నాడు కోడలితో. "ఆ చొక్కా మీ యంత్రం సాయంతో సరిగ్గా కత్తిరించగలిగితే ఉంటాను. లేకపోతే బస్సు ఉండనే ఉంది. మళ్ళీ వదిన చేత ఏడుపు మొహం పెట్టించొద్దు."

"నా మొహం సంగతి నేను చూసుకుంటాలే" అన్నాను.

డబ్బా వచ్చింది. అరచేతికంటే కాస్త పెద్దది, ఇనుపది, ముందువైపు ఎనిమిది రంధ్రాలు. దానితో ఒక అడాప్టరు, రెండు మరలు, మడతలు పెట్టిన కాగితం. కాగితం నేను అందుకున్నాను. నాకు చదువు బడిలో రాలేదు, నమూనాలు కత్తిరించే పాత పేపర్ల మీద వచ్చింది. మంచి పట్టులో ఉన్న వార్త చంక దగ్గర తెగిపోయేది. అందుకే ఏ కాగితం దొరికినా ఆఖరి అక్షరం దాకా చదివితే గాని కింద పెట్టను.

"తడి లేనిచోట, గాలి ఆడేచోట పెట్టాలట" అని చదివాను. "వేడికి దూరంగా. పక్కలనున్న గాలిసందులు మూయకూడదు."

"బల్ల కింద పెట్టేద్దాం" అన్నాడు మాస్టరు.

"బల్ల కింద గుడ్డపీలికలూ నూగూ ఉంటాయి చిన్నమావయ్యా. వారానికల్లా దానికి ఊపిరాడదు."

"అయితే ఇస్త్రీ బల్ల పైన, గూట్లో."

"అక్కడ ఆవిరి. దీన్ని ఇస్త్రీ చెయ్యాలనుందా మీకు?"

చివరికి కట్టింగు గదిలోనే, బల్లకి పైన, కిటికీకి ఎడంగా ఉన్న గోడ దొరికింది. అక్కడ వాన జల్లు పడదు, ఆవిరి రాదు, నిలబడితే దీపాలు కంటికెదురుగా ఉంటాయి. కోడలు మెయిన్ ఆపి, గోడలో కరెంటు తీగలు ఎటు పోతున్నాయో చూసుకుని, చేత్తో తిప్పే డ్రిల్లుతో రెండు బెజ్జాలు వేసింది. మరలు పూర్తిగా బిగించకుండా డబ్బా వెనకున్న గాడులు వాటికి తగిలించి, ఊపి చూసింది. మా చొక్కాల కొక్కేనికంటే గట్టిగా ఉంది.

తీగల దగ్గర మాస్టరు చేతులు పెట్టకుండా ఉండలేకపోయాడు. గోడ వెంబడి, కాళ్ళకు అడ్డం రాకుండా, ఎక్కడా గట్టిగా విరవకుండా తీసుకెళ్ళాలని కాగితంలో ఉంది. ఆ పని ఆయనకే ఇచ్చాం. కాలరు చుట్టూ దారం తిప్పినట్టు మూలల దగ్గర గుండ్రంగా తిప్పుతూ, కుట్టుమిషను పెడలు వైపు పోకుండా, ఎత్తుగా తీసుకెళ్ళి నాడాలతో వదులుగా కట్టాడు. నిజం చెప్పాలంటే అంత అందంగా కోడలు కట్టేది కాదు.

కరెంటు ఇచ్చేముందు ఇంకో పేచీ వచ్చింది. అడాప్టరు ఏ మూటకింద పడిందో కనబడలేదు. మాస్టరు మిషను దీపం అడాప్టరు పట్టుకొచ్చాడు. "దీని పిన్నూ ఇంతే, పడుతుంది."

"చొక్కా పట్టిందని ఎవరిదిపడితే వాళ్ళది వేసుకుంటామా?" అంది కోడలు. "దీనికి దీంతో వచ్చిందే పెట్టాలి. వేరేది పెడితే కాలిపోతుంది."

వెతికితే నా ఒళ్ళోనే ఉంది, కాగితం కింద. ఇద్దరూ నన్ను చూసిన చూపు నేను పట్టించుకోలేదు. ఇస్త్రీపెట్టె బోర్డుకి కాకుండా, వేరే గోడబోర్డుకి గుచ్చాం. మెయిన్ వేయగానే ఒక దీపం నిలకడగా వెలిగింది, తీగ ఉన్న ప్రతి రంధ్రం దగ్గరా చిన్న ఆకుపచ్చ దీపం లేచింది. డబ్బా ఏమీ అనలేదు. కోడలు ముందుగదిలోంచి ఒక చొక్కా చెయ్యి పంపితే, వెనకగదిలో యంత్రం గురగురమని దాన్ని కక్కింది.

మాస్టరు ఎదురుగోడకి కొత్తగా బిగించిన తెర చూశాడు. "చంక దగ్గర ఈ వంపు కాస్త ఎక్కువైందమ్మాయి" అన్నాడు.

కోడలు నాలిక కరుచుకుని సరిచేసింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

శుక్రవారం మాస్టరు చిన్న తొడుగు ఒకటి కుట్టుకొచ్చాడు, నీలం గుడ్డతో, గుండీ కూడా పెట్టి. డబ్బాకట.

"మిషన్లన్నిటికీ తొడుగులున్నాయి, దీనికి మాత్రం లేకపోతే ఎలా?"

"మిషన్లు పని ఆపాక పడుకుంటాయి. ఇది పని చేస్తూ చేస్తూ వేడెక్కుతుంది. ఆ గుండీ పెట్టామంటే లోపల ఉడికిపోతుంది" అంది కోడలు.

ఆయన తొడుగు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం మెయిన్ ఆపాక, ఆయన బల్ల సర్దడం గుమ్మంలోంచి చూశాను. సుద్దముక్కలు రేకుడబ్బాలో వేశాడు, దారపు కొసలన్నీ ఏరాడు. గోడ పక్కన ఆయన సంచీ కనబడింది. ఎప్పుడు తెచ్చాడో తెలియదు. అడగలేదు.

శనివారం పొద్దున కోడలు తన చిన్న కంప్యూటరు తీసుకుని, గుడ్డ రంగు చూపించడానికి బడికి వెళ్ళింది. "కొలతలన్నీ గీసి పెట్టాను. తెర మీద మొదటి బొమ్మ నొక్కితే వచ్చేస్తుంది" అని చెప్పింది. మెయిన్ వేశాం. మాస్టరు నొక్కాడు. ఏమీ రాలేదు. తెర మీద ఒక చక్రం తిరుగుతూనే ఉంది. యంత్రం పలకలేదు.

గోడ మీది డబ్బా వైపు చూస్తే దీపాలన్నీ ఒకేసారి కొట్టుకుంటున్నాయి. నిన్నంతా ఒకటి ఒకసారి, ఇంకోటి ఇంకోసారి వెలిగినవి, ఇవాళ గుంపుగా, ఆగకుండా, భయపడ్డ పిట్టల్లా.

"చూశావా" అన్నాడు మాస్టరు, నెమ్మదిగా. "నాకోసం ఇంత తాపత్రయం అక్కర్లేదు వదినా. మధ్యాహ్నం బస్సు కూడా ఉంది."

ఆయన సంచీ అందుకుని బల్ల పక్కన పెట్టుకున్నాడు. నా కాళ్ళు గుమ్మం వైపు లాగాయి, వెనకాల నిలబడే ఆ పాత అలవాటు. లాగనివ్వలేదు. "ఆగు" అన్నాను. "బస్సెక్కేవాడివి నా మాట విని ఎక్కు. కూర్చో."

కోడలికి ఫోను చేశాను. బడి వరండాలో ఉన్నట్టుంది, వెనకాల పిల్లల గోల.

"దీపాలన్నీ కలిసి కొట్టుకుంటున్నాయా అత్తయ్యా?"

"జ్వరమొచ్చినట్టు."

"కంగారు పడకండి. కాలిపోలేదు. ఎన్ని తీగలు గుచ్చి ఉన్నాయో చూడండి. రూటర్ నుంచి వచ్చేది, నా కంప్యూటరుది, యంత్రానిది, తెరది, నా చిన్న కంప్యూటరుది. అయిదుండాలి."

వేలు పెట్టి లెక్కపెట్టాను. "ఆరున్నాయి."

"అదే. ఒక తీగకి రెండు కొసలూ ఆ డబ్బాలోనే ఉన్నాయేమో. పంపిన మాటే తిరిగి తనకొస్తే, దాన్ని మళ్ళీ పంపుతుంది, మళ్ళీ వస్తుంది. అందులోనే మునిగిపోయి ఇంకెవరి మాటా వినదు. పట్టుకుని వెళ్ళండి, ఏది ఎక్కడికి పోతుందో."

ఫోను మాస్టరుకిచ్చాను. కుట్లలో తప్పిన దారాన్ని పట్టుకుని వెనక్కి వెళ్ళడం నాకు చేతనైన పనే. ఒక్కో తీగనీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నడిచాను. మొదటిది గోడ దాటి రూటర్ దగ్గరికి పోయింది. ఇంకోటి యంత్రం వెనక్కి. ఇంకోటి తెరకి. ఇంకోటి ముందుగదికి. అయిదోది బల్లకాలు దాకా దిగింది, అక్కడ ఒక చుట్టు తిరిగింది, మళ్ళీ గోడ ఎక్కింది, వచ్చి వచ్చి అదే డబ్బాలో దూరింది. కోడలి చిన్న కంప్యూటరుది. బల్ల దగ్గర వేలాడాల్సిన కొస.

గొళ్ళెం లాంటి ముక్కని నొక్కి ఆ కొస బయటికి లాగాను.

దీపాలు ఒక్క క్షణం తడబడి సర్దుకున్నాయి. ఒకటి మినుకుమంది, ఆగింది. ఇంకోటి మినుకుమంది. వెనకాల యంత్రం గురగురమంది. కాగితం మీద లావు గీతలతో చొక్కా వెన్ను ముక్క కిందికి జారడం మొదలైంది.

"వచ్చిందమ్మాయి" అన్నాడు మాస్టరు ఫోనులో. ఫోను పెట్టేశాడు.

నేను కొస చేత్తో పట్టుకునే ఉన్నాను. "ఎవరు పెట్టారిది?"

"నేనే. నిన్న బల్ల సర్దుతుంటే వేలాడుతూ కనబడింది. పక్కనే ఖాళీ రంధ్రం. కొస వదిలేస్తే మనకు పడుతుందా వదినా?"

పడదు. ఈ దుకాణంలో ఏ దారం కొసనీ ముడెయ్యకుండా వదలం. నేనైనా అదే చేసేదాన్ని.

"సంచీ కూడా నిన్ననే తెచ్చావు" అన్నాను. "అంటే యంత్రం నడిచినా నడవకపోయినా వెళ్ళేవాడివే. వెళ్ళే మనిషిలా సర్దావు."

మాస్టరు కాగితం ముక్క చివర నలుపుతూ కూర్చున్నాడు. "సర్దడం రోజూ అలాగే సర్దుతాను. రేపు మనం రాకపోయినా, వచ్చినవాడు వెతుక్కోకూడదని నేర్పింది అన్న. ఆయన గుండీలకెళ్ళినరోజు కూడా బల్ల అలాగే ఉంది, నువ్వు చూశావో లేదో." సంచీ వైపు చూశాడు. "సంచీ సంగతి అబద్ధమాడను. నడవదనుకున్నాను. నడవకుండా అందరి ముందూ తెల్లమొహం వేసేకంటే, ముందే సర్దుకుంటే మేలనుకున్నాను."

నేను చూశాను ఆ బల్లని. ఆ రోజంతా అదే చూస్తూ కూర్చున్నాను. కొసను ఆయన చేతికిచ్చాను.

"దీన్ని మాత్రం ఇలాగే వదిలెయ్యాలి. బయటికెళ్ళిన మనిషి తిరిగొచ్చి తగిలించుకోవడానికి."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇలా ఊరికే వదిలితే రేపు మళ్ళీ నేనే గుచ్చేస్తాను, లేకపోతే నువ్వు" అన్నాడు. జేబులోంచి నీలం తొడుగు తీసి, ఆ కొసకు తొడిగి, చుట్టూ దారం రెండు చుట్లు తిప్పి, గుండీ పెట్టాడు. డబ్బాకు కుట్టింది వేలెడంత కొసకు లొడలొడలాడుతోంది. అయినా ఊడదు. బల్ల పక్కన మేకుకి తగిలించాడు.

ఆ తర్వాత కాగితం గుడ్డ మీద పరిచాడు. నాలుగు మూలలా బరువులు పెట్టాడు. ఎదురుగోడ తెరవైపు తల ఎత్తి ఒకసారి, రెండోసారి చూశాడు. కత్తెర తీసుకున్నాడు. మొదటి కోత పడినప్పుడు ఆ చప్పుడు నాకు ఇంటి తలుపు గడియ పడినట్టు వినబడింది. చేతులు కత్తిరించాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి నాకు చూపించాడు. వెంట్రుక తేడా లేదు.

బల్ల అటువైపుకి తిరగబోయి కాలికి ఏదో తగిలి తూలాడు. కిందికి చూసి విసుక్కున్నాడు.

"వదినా, ఈ సంచీ తీసి అటక మీద పెట్టించు. తిరగడానికి చోటు లేదిక్కడ."