విల్సన్ బండిలో కూలెంట్

విల్సన్ పాతగుడ్డ మడిచి రేడియేటర్ మూత మీద వేసి, అరచేత్తో నొక్కి తిప్పాడు. ఇంజను రాత్రంతా చల్లారి ఉంది. అయినా ముఖం పక్కకి పెట్టుకునే తీశాడు. కుర్రతనంలో కాలిన మచ్చ మోచేతి దగ్గర ఇంకా నల్లగా ఉంది.

ఇంజను వేడెక్కకుండా పోసే కూలెంట్, పచ్చగా ఉండాల్సింది, తుప్పురంగు జావలా ఉంది. వేలు ముంచితే అంటుకుని సాగింది.

"ఎవడో చెయ్యి పెట్టాడు," అన్నాడు.

అరుగు మీద బియ్యం ఏరుతున్న భార్య ప్రభావతి తలెత్తలేదు. పాలు పల్చబడినా, టైరులో గాలి తగ్గినా అతను అనే మొదటి మాట అదే. పెళ్లయిన కొత్తలో అతను నడిపే లారీలో ఎవరో డీజిల్ తోడేస్తే, ఓనరు అతన్నే అనుమానించి, బజార్లో చొక్కా విప్పించి నిలబెట్టాడు. అప్పట్నుంచీ విల్సన్ ఎవర్నీ నమ్మడు. చర్చిలో కూడా బండి కనపడే కిటికీ పక్కనే కూర్చుంటాడు.

ఇప్పుడు నడిపే, చేపలు మోసే పాత వ్యాను అనిల్ కుమార్‌ది. కొత్త బండి తీసుకుంటానని ఆయన ఈమధ్య అంటున్నాడు. కొత్త బండి వస్తే కొత్త డ్రైవరు కూడా వస్తాడేమో. పాతది చెడిపోతే కొత్తది కొనడానికి ఆయనకి సాకు దొరుకుతుందని విల్సన్‌కి ఇట్టే తట్టింది.

దారిలో నాంచారయ్యని ఎక్కించుకుని, చిలకలపూడి సెంటర్లో మెకానిక్ శామ్యూల్ రాజ్ షెడ్డుకి పోనిచ్చాడు. నాంచారయ్య గిలకలదిండి మనిషి. సముద్రం మీద చేపల వేట మానేశాక ఈ వ్యానులో పెట్టెలు ఎక్కించి దించే పనిలో కుదిరాడు. మోసి మోసి కుడిభుజం కిందికి జారింది. వరసకి ఏమీ కాకపోయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకుంటారు.

శామ్యూల్ రాజ్ ఆ జావ చూసి పెదవి విరిచాడు. "పచ్చదాని మీద నారింజరంగుది పోశారండీ. అది కొత్తరకం ఇంజన్లకి. మీ రేడియేటర్ రాగి, ఇత్తడి, లోపలంతా టంకం. దీనికి పాతరకమే పడుద్ది. తెచ్చేటప్పుడు రంగొక్కటే చూడకండి, కంపెనీకో రంగు కలుపుతున్నారు. డబ్బా మీద ఏం రాశాడో చదవండి."

ఎదురుగా సుధీర్ స్పేర్‌పార్ట్స్ షాపు. "ఏ బండికైనా పనికొచ్చేది ఉందండీ," అంటూ సుధీర్ ఒక డబ్బా పెట్టాడు.

"నా బండి పేరు రాసుందా దీని మీద?"

సుధీర్ నవ్వి ఇంకోటి తీశాడు. విల్సన్ దాన్ని ఎండలోకి పట్టుకెళ్లి ప్రతి అక్షరం చదివాడు. సీలు అంచుని గోటితో గీరి చూశాడు. కలపడానికి డిస్టిల్డ్ వాటరూ తీసుకున్నాడు. బందరు బోరునీళ్లు ఉప్పు, రేడియేటర్ని తినేస్తాయి.

శామ్యూల్ రాజ్ రేడియేటర్ కడిగి, కొత్తది పోయడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్న నాంచారయ్య గొంతు సవరించుకున్నాడు.

"బావా, అది నేనే పోశాను. మొన్న నాగాయలంక నుంచి వస్తుంటే మొవ్వ దగ్గర బండి వేడెక్కింది కదా. నీకు జ్వరం. బండి పక్కకి ఆపగానే ఒళ్లు తెలీకుండా సీట్లో పడిపోయావు. లేపబుద్ధి కాలేదు. ఇంజను చల్లారాక రోడ్డుపక్క షాపులో అడిగితే అదిచ్చారు. అన్నీ ఒకటే అనుకున్నాను."

విల్సన్‌కి గుర్తుంది. ఆరోజు మెలకువొచ్చేసరికి తలకింద తుండు మడిచి పెట్టి ఉంది, నుదుటి మీద తడిగుడ్డ ఉంది. అవన్నీ గుర్తొస్తుండగానే నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఎవరు పొయ్యమన్నారు నిన్ను?"

"ఎవరూ అన్లేదు."

"అనిల్ కుమారేనా? కొత్త బండి మీద నిన్ను ఉంచుతానన్నాడా?"

శామ్యూల్ రాజ్ పోయడం ఆపాడు. నాంచారయ్య వెళ్లి బండెక్కి కూర్చున్నాడు.

గిలకలదిండిలో పెట్టెలు ఎక్కాయి. గుడివాడ దారిలో వేడి చూపించే సూది మధ్యలోనే నిలబడింది. "బండి బానే ఉంది," అన్నాడు విల్సన్. నాంచారయ్య "ఊఁ" అన్నాడు. పామర్రులో రోజూ తాగే టీకి దిగలేదు.

గుడివాడ మార్కెట్లో నాంచారయ్య ఎప్పట్లాగే పెట్టెలు దించాడు. బండి అడుగు కడిగాడు. చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"వస్తానండీ, విల్సన్ గారూ."

తిరుగు ప్రయాణానికి బండి ఎక్కకుండా బస్టాండు వైపు నడిచాడు. ఇన్నేళ్లలో అతని నోట ఆ 'అండీ' విల్సన్ వినలేదు. దీని వెనక ఏముందోనని ఒక్క క్షణం అలవాటుగా అనుమానించాడు. తరవాత పిలవాలనుకున్నాడు. ఏమని పిలవాలో తేల్చుకునేలోగా ఆ జారిన భుజం జనంలో కలిసిపోయింది.

తిరిగొస్తాడేమోనని బండి నీడ అవతలి గోడకి ఎక్కేదాకా చూశాడు. ఇక వెనక తలుపులు వేయబోతుంటే, లోపలి కడ్డీకి వేలాడుతూ నాంచారయ్య కొక్కెం కనపడింది. పెట్టెలు లాగే ఆ ఇనపకొక్కేన్ని అతను రోజూ ఇంటికి తీసుకెళ్లిపోయేవాడు. ఇవాళ కడిగి, తుడిచి, తుప్పుపట్టకుండా మొనకి నూనె కూడా రాసి వదిలేశాడు. పిడికి చుట్టిన సైకిల్ ట్యూబు మీద అతని వేళ్లు పట్టిన చోట నాలుగు గుంటలు నున్నగా అరిగి ఉన్నాయి.