ఏడ, ఎప్పటిసంది

స్క్రూడ్రైవర్ మొనను మిషన్ పక్క రేకుకు ఆనించి, చెక్కపిడిని కుడిచెవికి అదుముకుని కురుమయ్య కళ్ళు మూసుకున్నాడు. నారాయణగూడ చౌరస్తాలో బస్సులు ఎంత మొత్తుకున్నా ఇప్పుడతనికి వినపడవు. ఆ మూరెడు ఇనుపకడ్డీ వెంట మిషన్ కడుపులోని చప్పుడొక్కటే నడిచొస్తుంది. జిరాక్స్ మిషన్లు బాగుచెయ్యడం మొదలుపెట్టిన ఈ ముప్పై ఏళ్ళలో ఆ పిడి అతని చెవి ఆకారానికి అరిగిపోయింది.

"ఎప్పటిసంది సార్ ఇది?"

"ఏమోనయ్యా, ఏదో చప్పుడు చేస్తోంది. ఎక్కడంటే చెప్పలేను" అన్నారు షాపు యజమాని విశ్వేశ్వరరావు గారు.

షాపులవాళ్ళందరిదీ ఇదే పాట. కురుమయ్య కూడా ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. "ఏడ, ఎప్పటిసంది. గీ రెండు చెప్తే సగం రిపేరు అయినట్టే సార్."

అని మిషన్ మూత తెరిచాడు. పొద్దున ఇంట్లో భార్య బాలమణి అడిగినవి కూడా ఆ రెండే.

నిన్న సాయంత్రం చిక్కడపల్లిలో తాముండే ఇంటి మెట్లెక్కుతూ కురుమయ్య మధ్యలో కూర్చుండిపోయాడు. చెప్పు తెగిందని అబద్ధమాడాడు. ముప్పై రెండేళ్ళు కాపురం చేసిన మనిషికి చెప్పుకూ మనిషికీ తేడా తెలియదా? ఈ పొద్దున్నే పోయి, వీధి చివర గుండె డాక్టరు దగ్గర సాయంత్రం అయిదింటికి టోకెన్ రాయించుకొచ్చింది. "ఆయన ముంగట బెల్లంగొట్టిన రాయి లెక్క కూసోకు. ఏడ నొప్పి, ఎప్పటిసంది, సక్కగ చెప్పు. ఊరందరికి శకునం చెప్పే బల్లి కుడితి తొట్ల వడ్డదంట, గట్లుంది నీ కత" అంది.

అదే వచ్చిన చిక్కు. చెప్పడానికి అతనికి దొరకాలి కదా. నొప్పి ఉందా అంటే ఉంది. ఎక్కడంటే, పొద్దున లేవగానే ఎడమ దవడలో ఉంది. పన్ను అనుకుని లవంగం నొక్కిపెట్టాడు. కాసేపటికి పన్ను ఊరుకుంది, భుజం అందుకుంది. పనిముట్ల సంచీ బరువనుకున్నాడు. మిషన్ల దగ్గర కురుమయ్యకొక నియమం ఉంది. ఒకేసారి నాలుగూ విప్పి గందరగోళం చెయ్యకూడదు, ఒక్కొక్కటే మార్చి చూడాలి. ఆ ప్రకారమే సంచీని కుడిభుజానికి మార్చుకున్నాడు. అర ఫర్లాంగు నడిచాడు. సంచీ కుడివైపుకు వచ్చింది గానీ నొప్పి ఎడమచేతిలోనే ఉండిపోయింది. ఇదేం లెక్కో అతనికి బోధపడలేదు. మిషనైతే ఇలా చెయ్యదు. దానికి నంగనాచి వేషాలు రావు.

కురుమయ్య పొట్టి మనిషి. యాభై ఏడేళ్ళు. గోళ్ళ సందుల్లో ఇంకుపొడి నలుపు ఈ పనిలో దిగిన నాటి నుంచీ ఉంది, పొయ్యేది కాదు. మాట తక్కువ. తన గురించి అడిగితే మరీ తక్కువ. తలనొప్పి వస్తే అది పోయాక ఎప్పుడో చెప్పే రకం. నగరంలో ఎవరి మిషన్ ఏ మూల మూలుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు, తనకు ఆకలయిందో లేదో బాలమణి చెప్పాలి.

అరిగిన రోలర్ మార్చి లేచేసరికి కాలరు తడిసిపోయింది.

"ఆ చెమటలేంటయ్యా?" విశ్వేశ్వరరావు గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"ఎండ సార్."

"పుష్యమాసంలో ఎండేంటి? ఇంటికెళ్ళి కాసేపు పడుకో."

పడుకుందామనే అనుకున్నాడు. చౌరస్తా దాటుతుండగా అశోక్‌నగర్ నుంచి త్రివేణి ఫోను చేసింది. గ్రూప్స్ పరీక్ష దగ్గరికొచ్చింది, ఆమె జిరాక్స్ షాపు ముందు నోట్సు పట్టుకున్న పిల్లలు బారులు తీరారు, మిషనేమో కాగితాలు నమిలి ఉమ్మేస్తోంది. అయిదు కొట్టడానికి ఇంకా చాలా టైముంది కదా అనుకున్నాడు.

దారిలో మెస్సులో అన్నం ముందు కూర్చున్నాడు గానీ నాలుగు ముద్దలకు మించి దిగలేదు. ఛాతీలో ఎవరో పీట వేసుకుని కూర్చున్నట్టుంది. సోడా తాగాడు. పెద్ద త్రేన్పు వచ్చింది, దాంతోపాటు చెయ్యి కూడా కొంచెం తేలికైంది. కురుమయ్య మొహం వికసించింది. గ్యాస్! పొద్దుటి నుంచీ ఇంత తిప్పలుపెట్టింది ఇదా! డాక్టరుకు చెప్పడానికి ఒక మాట దొరికిందని నిజంగా సంతోషపడ్డాడు. దానంతటది ఆగిపోయిన చప్పుడును నమ్మొద్దని షాపులవాళ్ళకు రోజూ చెప్పే మనిషికి, ఆ సంగతి అప్పుడు గుర్తురాలేదు.

త్రివేణి షాపు చేరేసరికి మూడు దాటింది. పిల్లలు పక్కకు జరిగి దారిచ్చారు. కురుమయ్య మోకాళ్ళ మీద కూర్చుని, మూత తెరిచి, లోపల ఇరుక్కున్న కాగితం ముక్కలన్నీ ఓపికగా లాగాడు. కాగితాన్ని పట్టే రబ్బరు అరిగి నున్నబడింది. మార్చాడు. నడిపించి, పక్క రేకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. నిమ్మళంగా ఉంది. మీట నొక్కి ఆపేశాడు.

అరచేతిలో గుయ్‌మని సన్నటి అదురు అలాగే ఉంది.

"బంద్ చెయ్యలేదా త్రివేణమ్మ?"

"నువ్వే చేసినవ్ గదన్న ఇప్పుడు."

చెయ్యి తీసి చూసుకున్నాడు. గాల్లో పెట్టినా అదురుతూనే ఉంది. మళ్ళీ మిషన్ మీద పెట్టాడు. మిషన్ చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. మరి ఏది నడుస్తున్నట్టు? ఏది ఆగినట్టు? కురుమయ్యకు అంతా అయోమయమైపోయింది. మెల్లగా మిషన్ వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని, స్క్రూడ్రైవర్ మొనను చొక్కా గుండీల మధ్య తన ఛాతీకి ఆనించుకున్నాడు. మెడ వంచి పిడి దగ్గరికి చెవి తెచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఏదో వినిపించింది. రెండు అడుగులు, ఒక ఆగుడు. మళ్ళీ మూడు అడుగులు, హడావిడిగా. ఇది మంచిదా, చెడ్డదా? మిషన్ల చప్పుడైతే డబ్బా విప్పిన మొదటిరోజు నుంచీ విన్నాడు కాబట్టి తేడా పట్టేస్తాడు. దీన్ని కొత్తగా ఉన్నప్పుడు వినలేదు. యాభై ఏడేళ్ళు ఒంట్లోనే పెట్టుకుని తిరిగాడు, ఒక్కనాడూ చెవి పెట్టలేదు. దేనితో పోల్చుకోవాలి? కురుమయ్యకు ఏడుపు వచ్చినంత పనైంది.

త్రివేణి చూడనే చూసింది. నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

"ఏమైతుందన్న?"

చెప్పాలనుకున్నాడు. పన్నా, భుజమా, కడుపా? పొద్దుటిసందా, నిన్నటిసందా? పెదవులు కదిలాయి గానీ ఒక్కటీ నిలబడలేదు.

"ఏమో త్రివేణమ్మ. ఏదో అయితుంది. చెప్పనీకి వస్తలేదు."

ముప్పై ఏళ్ళుగా షాపులవాళ్ళు అంటే తను నవ్విన మాటే అది. సంచీ తీసుకోబోయాడు, చెయ్యి లేవలేదు. స్క్రూడ్రైవర్‌ను మిషన్ మూత మీద పెట్టాడు. "మా వీధి చివర గుండె డాక్టరుతాన అయిదింటికి టోకెన్ ఉన్నది" అన్నాడు.

"అయిదు దాంక ఎందుకు, ఇప్పుడే పోదాం పా" అని త్రివేణి షట్టరు సగం దించి, ఆటో ఆపింది.

ఆటో చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర జనంలో ఇరుక్కుంది. కురుమయ్య వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. దేన్నో శ్రద్ధగా వింటున్న వాడిలా నొసలు ముడిపడింది. చాలాసేపటికి నొసలు విచ్చుకుంది. అరచెయ్యి తెచ్చి రొమ్ము నడుమ పెట్టుకున్నాడు.

"ఈడ" అన్నాడు.

"ఏందన్న?"

"ఈడనే. దసరాసంది." ఇంటి మెట్ల మీద తను మొదటిసారి ఆగింది అప్పుడే, నిన్న కాదు. ఆ ముక్క దొరికినందుకు గొంతులో తృప్తి కూడా ఉంది. ఆ తర్వాత మాట్లాడలేదు. ఆటో కుదిపినప్పుడు తల త్రివేణి భుజం మీదికి వాలింది.

డాక్టరు గది బయట బెంచీ మీద బాలమణి అప్పటికే వచ్చి కూర్చుంది. ఇస్త్రీచీర కట్టుకుంది, చేతిలో టోకెన్ పట్టుకుంది. త్రివేణి కేక విని డాక్టరు ఆటో దగ్గరికే పరుగున వచ్చి మణికట్టు పట్టుకున్నాడు, మెడ పట్టుకున్నాడు. "నొప్పి ఎక్కడన్నాడు? ఎప్పటి నుంచి?" అని అడుగుతూనే లోపలికి మోయించాడు.

"ఈడ అన్నడు సార్. దసరాసంది అన్నడు." త్రివేణి తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించింది.

కాసేపటికి డాక్టరు తల అడ్డంగా ఊపుతూ బయటికొచ్చాడు. బాలమణి గోడ గడియారం వైపు చూసింది.

"అయిదు గాలేదు గద సార్ ఇంకా" అంది.

నాలుగోరోజు త్రివేణి షాపు తెరిచింది. పరీక్ష ఎవరి కోసమూ ఆగదు, పిల్లలు వచ్చి నిలబడ్డారు. మీట నొక్కింది. మిషన్ ఒక్క కాగితమూ నమలకుండా, మెత్తగా నడవడం మొదలుపెట్టింది. దాని మూత మీద, చెవి ఆకారంలో అరిగిన పిడితో, స్క్రూడ్రైవర్ సన్నగా అదురుతూ ఉంది.