లైటరుకు తొడిగిన పట్టీ

రెండువేల ఇరవై రెండవ సంవత్సరం, డిసెంబరు పదకొండు, ఆదివారం, ఉదయం పదిన్నర. స్థలం పుత్తూరుకు పడమటి కొండల కింద ఉన్న గుండ్లమిట్ట, ప్రాథమిక పాఠశాల వరండా. హాజరైనవారు: శవపంచనామా రాయడానికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ గుణశేఖర్, ఊరిపెద్ద గోవిందయ్య, మృతుడి భార్య రాఘవమ్మ, మృతుడి తమ్ముడు మునిశేఖర్, మొక్కల నమూనాల కోసం తొమ్మిదేళ్లుగా మృతుడి వెంట కొండ తిరిగిన నేను. మృతుడు చెంగయ్య, వయసు యాభై ఎనిమిది. బల్లలు జరిపి ఖాళీ చేసిన తరగతి గదిలో, దుప్పటి కింద ఉన్నాడు.

గురువారం మధ్యాహ్నం, తుపాను ముసురులో, తప్పిపోయిన రెండు మేకల కోసం ఆయన కొండెక్కాడు. సాయంత్రానికి వంక పొంగి దారి తెగింది. శుక్రవారం, శనివారం వాన విడవలేదు. ఆదివారం తెల్లవారి నీళ్లు తగ్గాక పైకి వెళ్లినవారికి, ఏనుగుగుండు అనే పెద్దబండ కింది గుహలాంటి చోట, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని కనిపించాడు. చెప్పుకోదగ్గ గాయం లేదు. చలికి పోయాడని చూసిన వారందరికీ తెలుస్తూనే ఉంది.

గుణశేఖర్ తాను రాసుకున్నది పైకి చదివాడు. "మొలతాడుకు వక్కాకు తిత్తి ఒకటి. తలకు టవలు ఒకటి. కుడిచేతిలో ఇత్తడి పెట్రోలు లైటరు ఒకటి. ఎదురుగా ఎండుపుల్లలు, చితుకులు పేర్చి ఉన్నవి. వాటి కింద సైకిలు ట్యూబు ముక్కలు నాలుగు. మంట వేసిన జాడ లేదు."

కలం ఆపి తలెత్తాడు. "ఇదే నాకు తెగడంలేదు. పుల్లలు ఎండుగా ఉండాయి. రబ్బరు ఉండాది. అగ్గి చేతిలోనే ఉండాది. ఎందుకు ముట్టించలేదప్పా?"

స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మునిశేఖర్ వదిన వైపు చూడకుండా అన్నాడు. "బతకాలని ఉన్నోడు ముట్టించుకోడా సార్? గురువారం పొద్దున ఇంట్లో ఏం జరిగిందో ఈమెను అడగండి. వీధంతా వినింది."

"ఊరుకోరా," అన్నాడు గోవిందయ్య. "నీ ఇంట్లో జరిగేది వారానికి మూడుసార్లు ఊరంతా వింటాండాది. అట్లని నువ్వు సచ్చినావా?"

గోడకు చేరగిలబడ్డ రాఘవమ్మ, ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టు, నెమ్మదిగా బదులిచ్చింది.

"అన్నాను సార్. ఈ వానలో వద్దు అన్నాను. వినలేదు. పోతే పో, ఆ మేకలతోనే కాపరం చేసుకో, తిరిగి ఇంటికి రావద్దు అన్నాను."

గుణశేఖర్ చెడ్డవాడు కాడు. కలం కాగితం మీద ఆనించి కూడా కొంతసేపు రాయలేదు. "మనస్తాపం అని రాస్తే, అది నిలిచిపోతాదమ్మా. బాగా ఆలోచించి చెప్పు."

"రాయండి సార్. నేనన్న మాటే కదా."

ఆ ఒక్క మాట కాగితానికి ఎక్కితే రాఘవమ్మ బతికినంత కాలం ఆ ఊరికి మొగుణ్ణి నోటితో చంపిన ఆడది అవుతుంది. పెళ్లిపందిళ్లలో, నీళ్ల ట్యాంకరు దగ్గర, చివరకు తన ఇంట్లో తానొక్కతే ఉన్నప్పుడు కూడా. అది అబద్ధమని ఆ వరండాలో ఒక్క నాకే అనుమానం కలిగింది. ఆ అనుమానం వెంబడే మరొకటి కూడా వచ్చింది కనుక, వెంటనే నోరు విప్పలేకపోయాను.

కొండకు వెళ్లేవాడి దగ్గర నిప్పు మూడు చోట్ల ఉండాలన్నది నా నియమం. చొక్కా జేబులో ఒక లైటరు, సంచిలో ఒకటి, మెడలో తాడుకు ఒకటి. గ్యాసు లైటరు చలికి మొరాయిస్తుంది. అప్పుడు దాన్ని చంకలో పెట్టుకుని వెచ్చచేయాలి. చక్రం తడిస్తే పొడిగుడ్డ మీద దొర్లించాలి. పెట్రోలు లైటరు గాలికి ఆరదు, కాని వాడకుండా ఉంచినా లోపలి దూది కొద్దిరోజుల్లో ఎండిపోతుంది. ఇవన్నీ చెంగయ్యకు పాఠంలా చెప్పేవాణ్ణి. ఆయన మాత్రల డబ్బాలో అగ్గిపెట్టె పెట్టి, మూతకు మైనం రాసి, మొలకు కట్టుకుని తిరిగేవాడు. దాన్ని నేను పరిహసించి మాన్పించాను. నిరుడు ఉగాదికి ఇత్తడి లైటరు కొనిచ్చాను.

అప్పుడు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయివోరా, ఇది పెండ్లికొడుకు మాదిరి ఉండాది. కొండకు మేకలోణ్ణి తోలుకపోవాలగాని పెండ్లికొడుకునెందుకు?"

మొదటిసారి నింపిన పెట్రోలు తొమ్మిది రోజులకే ఎగిరిపోయింది. ఆ మరుసటి నెలలో లైటరు నడుమున, మూత కలిసే గీత మీద, సైకిలు ట్యూబునుంచి కోసిన నల్లని పట్టీ ఒకటి బిగుతుగా కనిపించింది. ఎందుకని అడిగితే, "ఉండనీ అయివోరా, పనికొస్తాది," అన్నాడు. వానలో మంట పుట్టించడానికి ఆయన ట్యూబు ముక్కలు వాడతాడు కనుక, ఇదీ అందుకేనని అనుకున్నాను. ప్రతినెలా చివర లైటరు తీసుకుని, పట్టీని కిందికి దొర్లించి, వత్తి కొస కత్తిరించి, పెట్రోలు పోసి, తేదీ నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. పెట్రోలు నెల పొడుగునా నిలుస్తుండడం గమనించాను. ఆ ఘనత నేను మార్చిన దూదికి కట్టబెట్టుకున్నాను.

నవంబరు ఇరవై ఏడున పెట్రోలు పోసి, కొత్త చెకుముకి రాయి వేస్తూ, పట్టీ కింద ఇత్తడి నల్లబడి ఉండడం చూశాను. పట్టీ తీసేసి, చింతపండుతో తోమి, అద్దంలా మెరిసేదాకా తుడిచి ఇచ్చాను. చెంగయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, "పట్టీ యాడ అయివోరా?" అన్నాడు. దాని అవసరం లేదన్నాను. ఇంకేమీ అనకుండా తిత్తిలో వేసుకున్నాడు. తానే మళ్లీ ఒకటి కోసి తొడగగలడు. వద్దని నేను చెప్పాక, తొడగలేదు.

"గుణశేఖర్ గారూ, ఆ లైటరు ఒకసారి చూడవచ్చునా?"

ఆయన తలాడించి, కాగితం పరిచి దాని మీద పెట్టాడు. మూత తెరిచి చక్రం తిప్పాను. నిప్పురవ్వ రాలేదు. లోపలి డబ్బీ బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్రోలు వాసన లేదు. అడుగునున్న దూది వేలికి పొడిగా, గరుకుగా తగిలింది. మర విప్పి స్ప్రింగు తీసి, డబ్బీని కాగితం మీద తట్టాను. ఆవగింజంత నల్లని ముక్క రాలింది.

"ఇది చెకుముకి రాయి. పదిహేను రోజుల కిందట నేను వేసినప్పుడు వడ్లగింజంత ఉండేది. మామూలుగా వాడితే నెలలు వస్తుంది. ఇంతగా అరిగిందంటే వందలసార్లు గీశాడు. పెట్రోలు లేదు కనుక అంటుకోలేదు. ఆయన కుడి బొటనవేలు ఒకసారి చూడండి."

గుణశేఖర్ లోపలికి వెళ్లాడు. వచ్చేటప్పటికి టోపీ చేతిలో ఉంది. "తోలు లేచిపోయి ఉండాది. రాతికి గీసుకుందనుకున్నా."

రాఘవమ్మ గోడ విడిచి ముందుకు జరిగింది. "అంటే, ముట్టించను చూసినాడా?"

"ప్రాణం ఉన్నంతసేపూ చూసి ఉంటాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మునిశేఖర్ వరండా మెట్లు దిగి, చూరునీళ్లు పడేచోట, తడుస్తున్నా జరగకుండా నిలబడ్డాడు. గోవిందయ్య అతని వీపు వైపే చూస్తూ, "మాట్లాడరా ఇప్పుడు," అన్నాడు, అంత గట్టిగా కాకుండా.

గుణశేఖర్ తెల్లకాగితాలు రెండు, నడుమ కార్బను పెట్టి నా ముందుకు జరిపాడు. "మీకు తెలిసింది మీ చేత్తోనే రాయండి సార్. నేను జతపరుస్తాను."

రాశాను. రాయి సంగతి, దూది సంగతి, బొటనవేలి సంగతి క్రమంగా రాశాను. "లైటరులోని ఇంధనం ఆవిరైపోయినందున మృతుడు ఎంత ప్రయత్నించినా మంట రాజుకోలేదు," అని ముగించాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. రాఘవమ్మకు చదువు రాదు కనుక, పైకి చదివి వినిపించాను. మనస్తాపం అన్న మాట ఇక ఎవరూ రాయబోరని అందరికీ అర్థమైంది. అక్కడితో ఆగి సంతకం చేసి ఉండవచ్చు.

కాగితం మీద విడివిడిగా పడి ఉన్న లైటరు భాగాలను రాఘవమ్మ ఒక్కొక్కటిగా చూస్తోంది.

"దీనికి ట్యూబు పట్టీ ఒకటి ఉండాల కదా అయివోరా. నేనే కత్తెరతో కోసిచ్చినాను. అది ఉంటే పెట్రోలు ఎగిరిపోదు, నెల వస్తాది అనేవాడు. యాడ అది?"

గుణశేఖర్ తన జాబితా చూసుకున్నాడు. "పట్టీ అని ఏమీ దొరకలేదమ్మా. కొండ మీద జారిపోయుంటాదేమో."

ఆ మాటను పట్టుకుని నేను బయటపడవచ్చు. పట్టీ ఏమైందో తెలిసిన మనుషులు ఇద్దరు. ఒకరు పక్కగదిలో దుప్పటి కింద ఉన్నారు.

"జారిపోలేదు," అన్నాను. "పోయిన నెల నేనే తీసి పారేశాను. ఇక వద్దని చెప్పాను."

"ఎందుకు?"

"దాని కింద ఇత్తడి నల్లబడుతోందని."

ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. కోపం కనిపించలేదు. కోపమే అయితే బాగుండేది.

"నల్లబడితే ఏమి అయివోరా?"

రాలిన రాయి ముక్కను వేలితో కాగితం మధ్యకు జరిపాను.  

"నిన్ను నిండా నమ్మినాడు," అంది రాఘవమ్మ. "నేను వద్దంటే కొండకు పోయినాడు. నువ్వు వద్దంటే ఆ పట్టీ మళ్లీ తొడగలేదు." తర్వాత కాగితం వైపు గడ్డం ఊపింది. "అది గూడా రాయి."

చివరి వాక్యం కింద రాశాను. ఆ పట్టీ ఇంధనం ఆవిరైపోకుండా కాపాడుతూ వచ్చిందని, దాని ప్రయోజనం మృతుడికి తెలుసునని, నాకు తెలియదని, తెలుసుకోవడానికి ప్రయత్నించలేదని, నవంబరు ఇరవై ఏడున దాన్ని తొలగించింది నేనేనని. ఆ భాగం కూడా చదివించుకుని ఆమె రెండుసార్లు వింది. రెండోసారి వింటున్నప్పుడు తరగతి గది గుమ్మం వైపు చూస్తూ ఉంది.

రెండు ప్రతుల మీదా సంతకం చేశాను. సాక్షిగా గోవిందయ్య చేశాడు. గుణశేఖర్ పైప్రతిని పంచనామాకు గుచ్చి, లైటరు భాగాలను గుడ్డలో మూటగట్టి, ఖాళీ వక్కాకు తిత్తిని మాత్రం రాఘవమ్మకు ఇచ్చాడు. ఆమె కార్బను ప్రతి అడిగి తీసుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, లైటరు ఉండే అరలో దోపి, తిత్తి తాడు లాగి ముడివేసింది.